తాసీల్దారు గారి జీడిపప్పు

ఆ రోజుల్లో నాకొక గట్టి అభిప్రాయం ఉండేది. మన అపరాధ పరిశోధన కథలు తేలిపోవడానికి కారణం హంతకులు కాదు, సబ్బులు అని. "ఆయన సబ్బుతో ముఖం కడుక్కున్నాడు" అని రాసేసి ఊరుకుంటారు. ఏ సబ్బు? "చెప్పులు వేసుకుని బయల్దేరాడు" అంటారు. ఏ కంపెనీ చెప్పులు? ఫోన్లో కథలు రాయడం నేర్పే ఒకాయన కూడా ఇదే మాట చెప్పేవాడు. వస్తువుకి పేరు పెట్టండి, ఊళ్లో కూడలికి పేరు పెట్టండి, పాఠకుడు నమ్మి తీరతాడు అని. (ఆయన చెప్పింది అక్షరాలా నిజమని తర్వాత తెలిసింది. కొంచెం తక్కువ నిజమైనా బాగుండేది.)

డిగ్రీ అయ్యాక ఉద్యోగ పరీక్షలకి చదువుతున్నానని చెప్పుకుంటూ, బొబ్బిలి నుంచి వచ్చి అరసవల్లిలో మావయ్య ఇంట్లో మకాం పెట్టాను. మావయ్యంటే మా అమ్మకి స్వయానా అన్నయ్య. గుడికెళ్లే దారిలో ఆయనకి జీడిపప్పు దుకాణం ఉంది. సరుకు పలాస నుంచి తెచ్చి, వెనక గదిలో ఏరించి, పేకెట్లు కట్టించి, 'ఏడు గుర్రాలు' అని బొమ్మ వేసి అమ్మేవాడు. విరగని గుండ్లే తప్ప రెండుగా విడిపోయిన బద్దలు అమ్మడని ఆయనకి పేరు. ఆ మాట బోర్డు మీద కూడా రాయించాడు. మావయ్యకి ఏడాదంతా చేసే వ్యాపారం ఒకెత్తు, రథసప్తమి వారం ఒకెత్తు. ఆ వారం కోసమని నెలరోజుల ముందు నుంచి గదంతా పేకెట్లతో నింపేసేవాడు. అప్పుడు అమ్ముడుపోకపోతే పప్పు మెత్తబడి పురుగు పడుతుంది. నేను ఉదయం దుకాణంలో తూకం వేసేవాణ్ణి, మధ్యాహ్నం అదే బల్ల మీద మోచేతులు పెట్టుకుని కథల యాప్‌లో నా డిటెక్టివ్ సీరియల్ రాసేవాణ్ణి. నాకు పంతొమ్మిది మంది పాఠకులు. అందులో మా అమ్మ రెండు ఫోన్లలో చదివేది.

ఏడో భాగంలో మొదటి హత్య పెట్టాను (ఆరు భాగాలూ సబ్బులకీ చెప్పులకీ సరిపోయాయి). చచ్చిపోయేవాడు రిటైరైన తాసీల్దారు. ఆయన మంచుముత్యం సబ్బుతో ముఖం కడుక్కుని, జోడుచిలకల చెప్పులు వేసుకుని, ఏడు రోడ్ల కూడలిలో ఆటో ఎక్కి, అరసవల్లి గుడి వీధిలో దిగి, స్వామి దర్శనం చేసుకుని, వీధి అరుగు మీద కూర్చుని జీడిపప్పు తింటూ ప్రాణం వదిలాడు. పిడికిట్లో సగం బద్ద మిగిలింది. పక్కన పేకెట్. పేకెట్ మీద ఏ బొమ్మ వెయ్యాలి? తలెత్తాను. ఎదురుగా ఏడు గుర్రాలు వరసగా కనిపించాయి. వేసేశాను. ఆ క్షణాన నా కళ్లు చెమర్చాయని చెప్పుకోడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

రథసప్తమి ఇంకా ఎనిమిది రోజులుందనగా ఒక సోమవారం ఉదయం దుకాణానికి ఒక్క బేరం రాలేదు. పది గంటలకి ఒక మామ్మ వచ్చింది. పేకెట్ చేతిలోకి తీసుకుంది, బొమ్మ చూసింది, కాలిన పెనం ముట్టుకున్నట్టు బల్ల మీద వదిలేసింది. "వొద్దు బాబూ, ఇంటికాడ మనవలున్నారు" అని వెళ్లిపోయింది. మావయ్యకి ఏమీ అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు. (అర్థం కావాల్సింది నాకే.)

కాసేపటికి ఎదురు లాడ్జి మేనేజరు వచ్చి, మావయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ధైర్నంగా ఉండు బావా. నువ్వు కావాలని సెయ్యలేదని మాకందరికీ తెల్సు."

"ఏటి సెయ్యలేదు?"

"ఆ తాసీల్దారు గారు... నీ పప్పు తినీసి..."

జరిగిందేమిటంటే, నా పంతొమ్మిది మందిలో ఈ మేనేజరు ఒకడు. మన వీధి పేరొచ్చిందన్న మురిపెంతో ఆ ఒక్క పేరా కత్తిరించి వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అక్కణ్ణించి అది ఊరంతా పాకింది. తిరిగి తిరిగి ఆదివారం సాయంత్రానికి వేరే గ్రూపులోంచి ఆయన ఫోన్‌కే వచ్చింది. ఈసారి పైన ఒక ఎర్ర గంట బొమ్మా, "అందరూ జాగ్రత్త" అన్న మాటా ఉండేసరికి, తను పంపిందే తను నమ్మేశాడు.

"అది కథ అండీ, నేనే రాశాను, మీరే చదివారు కదా" అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "ముందు నేనూ అలగే అనుకున్నాను బాబూ. కథైతే సబ్బు పేరు ఎందుకుంటాది? సెప్పుల పేరు ఎందుకుంటాది? జరిగింది కాబట్టే గదా అన్నీ అంత కరెస్టుగా ఉన్నాయి."

అంతలో దుకాణం ముందు పదిమంది చేరారు. పప్పు కొనడానికి కాదు, పరామర్శకి. పూలమ్మే ఆవిడ తాసీల్దారు గారిని బాగా ఎరుగుదునంది. "మంచి మడిసి. బేరం ఆడీవోడు కాదు." ఒక రైతు తన పాసుపుస్తకం మీద సంతకం పెట్టింది ఆయనేనని కళ్లు తుడుచుకున్నాడు. ఇంకొకాయన పదోరోజు ఎప్పుడు, భోజనాలు ఎక్కడ అని అడిగాడు. నేను బల్లెక్కి, ఆయన లేడండీ అని అరిచాను. "అదే గదా బాబూ మా బాధ" అన్నారు అందరూ ఒక్కసారే.

జనం వెళ్లాక మావయ్య కుర్చీలో కూలబడ్డాడు. వెనక గదిలో పేకెట్లు కప్పు దాకా ఉన్నాయి. ఆయన ఆ గది వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. చాలా భయమేసింది. బొబ్బిలి బస్సు ఎన్ని గంటలకో మనసులోనే లెక్కేసుకున్నాను.

"ఏదీ, ఏటి రాసినావో తే" అన్నాడు.

ఫోన్ ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు. నా రాతలు ఆయన చదవడం అదే మొదటిసారి. ఒకచోట ఆగిపోయాడు. ముఖం ఎర్రబడింది.

"బద్దేట్రా?"

"మావయ్యా?"

"నా పేకట్టులో బద్ద ఎలగొచ్చింది? ఇరవై యేళ్ల నుంచి గుండ్లు తప్ప ఏటీ అమ్మనేదు. మనిషిని సంపితే సంపినావు గానీ, నా పేకట్టులో బద్ద ఏసినావేట్రా!"

అని తిట్టబోయినవాడు ఠక్కున లేచి నిలబడ్డాడు. కళ్లు మెరిశాయి. "ఒరే... అంటే అది మా పేకట్టు కాదు. ఎవుడో మార్సీసినాడు! నీ డిటెక్టివ్ గుడ్డోడేటి? సేతిలో బద్ద కనబడతన్నాది గదా!" దుకాణం గొడవ మర్చిపోయి నా పక్కకి కుర్చీ లాక్కున్నాడు. "ఎవుడు మార్సినాడు? సెప్పు."

"ఇంకా అనుకోలేదు మావయ్యా."

"అనుకోకండానే సంపీసినావా!"

నేను తలొంచుకున్నాను. మావయ్య గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. తర్వాత చాలా ప్రశాంతంగా అన్నాడు. "తాసీల్దారుకి మేనల్లుడు ఉంటాడు. ఇంట్లోనే ఉంటాడు, ఆయన తిండే తింటాడు, సదువుకుంటన్నానని సెప్తాడు. ఆడే సంపినాడు. రాయి."

రాశాను. ఆయన చెబుతుంటే వేలు నొప్పెట్టేలా రాశాను. ఎనిమిదో భాగంలో నా డిటెక్టివ్ రావు గారు పిడికిట్లో బద్దని భూతద్దంతో చూసి, "అసలు ఏడు గుర్రాల పేకెట్లో బద్ద ఉండదు, ఇది దొంగ సరుకు" అని ప్రకటించి, మేనల్లుడి చేతులకి సంకెళ్లు వేయించారు. (మేనల్లుడు నేరం ఒప్పుకుని తన మావయ్య కాళ్ల మీద పడే ఘట్టం మావయ్య మూడుసార్లు తిరగరాయించాడు. కథలో మావయ్య అప్పటికే చనిపోయాడు కదా అంటే, ఫొటో కాళ్ల మీద పడమన్నాడు.) లాడ్జి మేనేజరు గర్వంగా దాన్ని కూడా గ్రూపులో పెట్టాడు. బుధవారం నుంచి జనం విరగబడ్డారు.

కథ ఇక్కడితో సుఖాంతం కావాలి. కాలేదు. వచ్చిన ప్రతివాళ్లూ పేకెట్ అక్కడే విప్పించి, బద్ద ఉందా లేదా అని చూసుకోవడం మొదలుపెట్టారు. ఉంటే దొంగ సరుకు కదా మరి! అసలు సంగతేమిటంటే, చేత్తో ఏరిన పప్పులో ఎంత ఏరినా ఒకటో రెండో బద్దలు ఉండి తీరతాయి. ఈ సంగతి మావయ్యకీ తెలుసు, ఏరే ఆడవాళ్లకీ తెలుసు, బోర్డుకే తెలియదు. ఇక రథసప్తమి దాకా నేను వెనక గదిలో చాప మీద కూర్చుని, కట్టేసిన ప్రతి పేకెట్టూ విప్పి, బద్దలు ఏరి, మళ్లీ కట్టాను. పండగ నాటికి గది ఖాళీ అయింది. వేసవి వచ్చేదాకా మా ఇంట్లో ఉప్మాలో బద్దలు, పులుసులో బద్దలు. అత్త నా విస్తట్లో ప్రత్యేకంగా ఇంకో గుప్పెడు వేసేది, "తిను నాయినా, నువ్వు పండించినవే" అని.

ఆ యాప్ ఎప్పుడో మూతబడింది. నా సీరియల్ ఇప్పుడు ఎక్కడా లేదు, నా దగ్గర కూడా లేదు. ఉద్యోగ పరీక్షలు నన్ను వదిలేశాయి, దుకాణం వదల్లేదు. మావయ్య సాయంత్రాలు వచ్చి కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్లని పలకరిస్తాడు, తూకం నాదే. మొన్న ఒక మామ్మ వచ్చి, "తాసీల్దారు గారి జీడిపప్పు ఒక పేకట్టు ఇయ్యి బాబూ, బద్దల్లేకండా" అంది. మా దగ్గర చాలామంది ఇప్పటికీ అలాగే అడుగుతారు. ఏడు గుర్రాల పేరు పేకెట్ మీదే మిగిలిపోయింది. నేను సరిదిద్దను, మావయ్యా సరిదిద్దడు.

కానీ ఆరోజు పేకెట్ కడుతూ నాకొకటి గుర్తొచ్చింది. సబ్బుకి పేరు పెట్టాను, చెప్పులకి పెట్టాను, చచ్చిపోయిన మనిషికి మాత్రం తర్వాత పెడదాంలే అని వదిలేశాను. తర్వాత కూడా పెట్టలేదు. ఆ సంగతి ఇన్నేళ్లలో ఒక్కరూ గమనించలేదు. పాపం, పెద్దాయన. మనసు చివుక్కుమంది.

"ఆయన పేరేటి మామ్మా?" అని అడిగాను.

ఒక్క క్షణం కూడా తడుముకోకుండా ఇంటిపేరుతో సహా చెప్పింది. చక్కటి పేరు. నేనైతే అంత బాగా పెట్టేవాణ్ణి కాదు.