దేవకృప గొంతులో ఈల

కల్పలత ఎవరి మాటా ఒక పట్టాన నమ్మదు. ముందు దారి మూసేశారని ఆటో అతను చెబితే దిగి చూసి వస్తుంది. ఒక డాక్టరు రాసిన మాత్ర గురించి ఇంకో డాక్టరును అడుగుతుంది. పద్మారావు నగర్‌లో ఆ వీధి వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. అత్త లచ్చమ్మయితే, "మా కల్ప కూరల ఉప్పేసినంక సుత డబ్బా తీసి, ఉప్పేనా కాదా అని నాలికకు రాసుకుంటది" అంటుంది, నవ్వకుండానే.

ఆ గుణమే ఆమెకు పని ఇప్పించింది. చూపు లేని విద్యార్థుల కోసం పాఠాలు చదివించి రికార్డు చేయించే ట్రస్టు ఒకటుంది. చదివేవాళ్లు ఇళ్ల దగ్గర చదివి ఫైళ్లు పంపిస్తారు. కల్పలత తన ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని వాటిని వింటుంది. తప్పులు పట్టుకుంటుంది, దగ్గులూ కుక్కల అరుపులూ కోసేస్తుంది, బాగాలేనివి తిప్పి పంపుతుంది. పదకొండేళ్లుగా ఇదే పని. ఆమె చెవి దాటి తప్పు పోదని ట్రస్టు వాళ్ల నమ్మకం.

మొన్న వేసవిలో ఆమె పాత హెడ్‌ఫోన్ పాడైంది. వారం రోజులు వీడియోలు చూసి, ప్లానర్ మాగ్నెటిక్ అనే రకం తెప్పించుకుంది. మామూలు వాటిలో చిన్న స్పీకరుంటుంది. వీటిలో ఉల్లిపొరంత పల్చటి పొర ఉంటుంది, దాని మీద సన్నటి లోహపు గీతలు, ఎదురుగా అయస్కాంతాలు. పొర మొత్తం ఒక్కసారిగా కదులుతుంది కాబట్టి ఊపిరి తీసిన చప్పుడు కూడా విడిగా వినిపిస్తుందట. ఒకప్పుడు బాగా ఖరీదైన రకమే గానీ ఇప్పుడు చవకవీ వస్తున్నాయి. కల్పలత తెప్పించుకున్నది చవకదే.

సరిగ్గా అదే వారం అల్వాల్ నుంచి దేవకృప అనే ఆవిడ కొత్తగా చదవడానికి చేరింది. యాభై దాటిన మనిషి. చర్చిలో ఇరవై ఏళ్లుగా వాక్యం చదువుతోందని ట్రస్టులో ఎవరో సిఫారసు చేశారు. సిఫారసు అన్న మాట వినగానే కల్పలత ముఖం ముడుచుకుంది.

మొదటి ఫైలు ఎనిమిదో తరగతి సైన్సు. "శ్వాసకోశాలు" అన్న చోట కల్పలత చెవిలో సూది దిగినట్టయింది. స, శ, ష వచ్చిన ప్రతిచోటా సన్నటి ఈల. ఆమె ఫోన్ చేసింది.

"మేడమ్, మీరు ట్రస్టు ఇచ్చిన మైకులనే చదువుతున్నరా, ఫోన్ల చదువుతున్నరా?"

"మైకులనే అమ్మా. ఏమైంది?"

"ఈల వస్తున్నది. పండ్లు కట్టించుకున్నరా?"

"లేదమ్మా. నావే పండ్లు. మళ్ల చదివి పంపుతా" అంది దేవకృప.

మళ్లీ చదివి పంపింది. ఈల అలాగే ఉంది. మైకు కాస్త దూరం పెట్టమంది కల్పలత. మూడోసారి కూడా అంతే. పైగా ఈసారి గొంతు బొంగురుపోయింది. అసలు ఈవిడ మళ్లీ చదువుతోందా, పాత ఫైలుకే గొంతు మార్చి, పేరు మార్చి పంపుతోందా అన్న అనుమానం వచ్చింది. రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూసింది. వేరువేరుగానే ఉన్నాయి. అయినా అనుమానం పోలేదు. "ఈవిడ గొంతు రికార్డింగుకు పనికిరాదు" అని ట్రస్టుకు రాసింది. దేవకృపకు పాఠాలు పంపడం ఆపేశారు.

ఒకసారి ఈల పట్టుకున్న చెవికి అందరిలోనూ ఈలే వినిపించసాగింది. పాతవాళ్ల ఫైళ్లలో కూడా స, శ కాస్త గుచ్చుతున్నాయి. ఎండలకు అందరి నోళ్లూ ఎండిపోతున్నాయేమో అనుకుంది కల్పలత. కంప్యూటరులో ఆ చప్పుడును అణిచే సాధనం ఉంటే, దానితో ఆ నెల పాఠాలన్నిటిలోనూ అణిచేసి పంపింది.

నెల తిరగకుండానే యోగిత అనే ఇంటర్ విద్యార్థిని ఫోన్ చేసింది. పుట్టుకతోనే చూపు లేని పిల్ల.

"మేడమ్, ఈ నెల పాఠాలల్ల స ఏదో శ ఏదో తెలుస్తలేదు. నోట్ల బట్ట కుక్కుకొని చదివినట్టున్నది. స్పెల్లింగులన్నీ తప్పు రాస్తున్న."

"నువ్వు దేంట్ల వింటున్నవ్? ఫోన్ ఏమన్న కింద పడ్డదా?"

"లేదు మేడమ్. పోయిన నెలవి సుత దీంట్లనే విన్న. అవి మంచిగనే ఉన్నయ్."

ఫోన్ పెట్టేసి కల్పలత మళ్లీ కంప్యూటరు ముందు కూర్చుంది. తర్వాత నిరుడు తాను చేతులారా సరిచేసి, బాగుందని పంపిన పాఠం ఒకటి తెరిచి వింది. దాంట్లోనూ ఈలే! అప్పుడు తాను విన్నప్పుడు లేని ఈల ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది? హెడ్‌ఫోన్ తీసి ఎదురుగా పెట్టుకుని, దొంగను చూసినట్టు చూసింది.

మర్నాడు దాన్ని సంచిలో వేసుకుని బోయిగూడ వెళ్లింది. అక్కడ హరికిషన్ ముప్పై ఏళ్లుగా ఆంప్లిఫయర్లు బాగుచేస్తున్నాడు. అతను దాన్ని తన కంప్యూటరుకు తగిలించి, బొంగురు చప్పుడు నుంచి కీచు చప్పుడు దాకా నెమ్మదిగా పోయే ఒక శబ్దం పెట్టాడు. పైపైకి పోతూ పోతూ ఒకచోట ఆ శబ్దం కెవ్వుమంది. కల్పలత ఉలిక్కిపడింది.

"గదే జాగ" అన్నాడు హరికిషన్. "చవక ప్లానర్లల్ల శానా వాట్ల గిట్లనే లేస్తది. మనిషి స, శ అన్నప్పుడు వచ్చే గాలి సప్పుడంతా గాడనే ఉంటది. చదివేటోళ్ల తప్పేం లేదు."

"మరి ఖరాబ్ మాల్ అంటవా?"

"ఖరాబ్ కాదు. పొర మంచిదే. సప్పుళ్లు ఎక్కువ తక్కువ చేసే ఈక్వలైజర్ ఉంటది, అది పెట్టి ఆ ఒక్క జాగ దించుతా. కింది బొంగురు సప్పుడు జెర పెంచుతా. ప్లానర్‌కు అది పెంచినా సప్పుడు పగలదు, తట్టుకుంటది. నీ కళ్లద్దాల కాడ సందుల నుంచి గాలి పోతున్నది, చెవి మెత్తలు మందమైనవి వేస్తా. ఇగ వెనక జాలికి ఈ ఫెల్టు బిళ్లలు పెడితే..." అంటూ గుండ్రంగా కత్తిరించిన రెండు ఉన్నిగుడ్డ ముక్కలు తీశాడు. "లాఖ్ రూపాయల హెడ్‌ఫోన్ లెక్క పలుకుతది."

మెత్తలు మార్చాక కెవ్వుమనే చోటు కొంచెం పక్కకు జరిగింది. అతను మళ్లీ కొలిచి, మళ్లీ దించాడు. చివరికి పెట్టుకుని వింటే ఎంతో హాయిగా ఉంది. ఆ హాయే కల్పలతకు అనుమానం తెప్పించింది.

"సప్పుడు పెంచినవ్ గదా అన్నా? ఎక్కువ సప్పుడుంటే ఏదైనా మంచిగనే ఉన్నట్టు అనిపిస్తది."

హరికిషన్ ముఖం చిన్నబోయింది. "మీటర్ పెట్టి రెండూ బరాబర్ చేసిన. నువ్వే చూస్కో."

ఆమె చూసుకుంది. అయినా చాలలేదు. "రేపు మా ఇంటికి రా. నువ్వు సుత పరీక్షకు కూసోవాలె" అంది.

మర్నాడు పరీక్ష జరిపింది లచ్చమ్మ. కల్పలత కంప్యూటరుకు వీపు పెట్టి కూర్చుంది. లచ్చమ్మ తనకు తోచినట్టు మీట నొక్కి ఈక్వలైజర్ పెట్టడం, తీసెయ్యడం. పెట్టిందో తీసిందో కల్పలత చెప్పాలి. ఇరవై సార్లు నొక్కింది, ఇరవై సార్లూ సరిగ్గా చెప్పింది. తర్వాత ఫెల్టు బిళ్లలు. లచ్చమ్మ వాటిని జాలికి పెట్టిందో లేదో, హెడ్‌ఫోన్ ముట్టుకోకుండా చెప్పాలి. ఇరవైలో కల్పలత పదకొండే సరిగ్గా చెప్పింది. హరికిషన్ తొమ్మిది.

"ఇంకోపారి పెట్టు పెద్దమ్మా" అన్నాడు హరికిషన్.

ఇంకోసారి పెడితే ఎనిమిది వచ్చాయి. వినకుండా ఊహించి చెప్పినా అన్ని వస్తాయి. లచ్చమ్మ ఆ బిళ్లలు అతని చేతిలో పెట్టి, "గివి నువ్వే ఉంచుకో బిడ్డా, గ్లాసుల కింద పనికొస్తయ్" అంది. అతను నొచ్చుకున్నాడు గానీ వాదించలేదు.

ఆ రోజే కల్పలత దేవకృప పంపిన మూడు ఫైళ్లూ తెరిచింది. మొదటిది వింది. ఈల లేదు. "శ్వాసకోశాలు" ఎంత నిండుగా పలికిందో! శ వేరు, స వేరు, ష వేరు. పదకొండేళ్లలో అంత శుభ్రంగా పలికినవాళ్లను ఆమె ఇద్దరు ముగ్గురినే విని ఉంటుంది. మూడో ఫైలులోని బొంగురు గొంతు వింటుంటే మాత్రం మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. తన మాట మీద ఆ మనిషి గొంతు పోయేదాకా చదివింది.

ట్రస్టుకు రాసింది: "తప్పు నాది. ఆవిడది కాదు. నెల పాఠాలన్నీ మళ్లీ చేసి పంపుతాను." తర్వాత హెడ్‌ఫోన్, లాప్‌టాప్ తీసుకుని అల్వాల్ బస్సెక్కింది.

దేవకృప తలుపు తీసి, పేరు విన్నాక కూడా గడప దగ్గరే నిలబడింది.

"పండ్లు చూసి పోదామని వచ్చినవా అమ్మా?"

"తప్పు మాట అన్న మేడమ్. ఈల నా హెడ్‌ఫోన్‌ది, మీది కాదు. తప్పు రాసిన సుత. చెప్పి పోదామని వచ్చిన."

"ఇప్పుడు మంచిగుందని ఎవరు చెప్పిన్రు? మళ్ల ఇంకో మిషనా?"

"మీరే వినున్రి."

దేవకృప లోపలికి రమ్మంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని తన గొంతు తానే వింది, ఈక్వలైజర్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి. మొదటిసారి కనుబొమలు ముడుచుకున్నాయి. రెండోసారి కళ్లు మూసుకుని పేజీ అయిపోయేదాకా వింది. తీసి బల్ల మీద పెట్టింది.

"నెల పైనుంచి చర్చిల వాక్యం చదవలేదు నేను" అంది మెల్లగా. "సంఘం వాళ్లు అడిగితే గొంతు బాగలేదని చెప్పిన. నాకు తెల్వకుండ ఇరవై ఏళ్ల సంది అందరికీ ఈల వినిపిస్తున్నదేమో, మొహమాటానికి ఎవరూ చెప్తలేరేమో అనుకున్న."

కల్పలత తల దించుకుంది. ఇన్నాళ్లూ తన అనుమానం తన దగ్గరే ఉంటుందనుకుంది. అది అల్వాల్ దాకా వచ్చి ఈ ఇంట్లో కాపురం పెట్టింది.

"మళ్ల చదువుతరా మేడమ్?"

"చదువుత. గానీ నాదొక షరతు. నువ్వు కోసినంక, సరిచేసినంక, పిల్లలకు పంపేముందు నాకు పంపాలె. నేను విని సరే అంటేనే పోవాలె."

పదకొండేళ్లలో కల్పలత చేసిన పనిని తిరిగి చూసే మనిషి ఎవరూ లేరు. నోటిదాకా వచ్చిన మాట ఆపుకుని, "సరే మేడమ్" అంది.

పై వారం పంపిన మొదటి పాఠాన్ని దేవకృప రెండు చోట్ల తప్పు పట్టి తిప్పి పంపింది. ఒకచోట వాక్యం చివర ఊపిరి కోసేశావని, అక్కడ విద్యార్థి ఆగి ఆలోచించుకోవాలని రాసింది. కల్పలత ఆ చోటు నాలుగుసార్లు విని చూసింది. ఆవిడ చెప్పింది నిజమే. ఊపిరి తిరిగి పెట్టింది.