ఒక్క పోగు తేడా లేని హంస

బెజవాడను ఇంకా అందరూ బెజవాడనే పిలుచుకునే రోజులవి. యుద్ధం పుణ్యమా అని కాగితం దొరకడం గగనంగా ఉండేది. ఆ కాలంలో పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి తనలో ఓ మహా కళాకారుడు దాక్కున్నాడని గట్టి నమ్మకం ఉండేది (ఇప్పటి కుర్రాళ్ళకూ ఉంటుందనుకోండి, కాకపోతే వాళ్ళు మా అంత గుట్టుగా ఉంచరు). నా నమ్మకానికి కాస్త ఆధారం కూడా ఉంది. మాది నేత కుటుంబం, నాన్నకు బెజవాడలో బట్టల కొట్టు. చీర అంచులకు బొమ్మలు గీయడం నా పని. నేను గళ్ళ కాగితం మీద ఓ హంసను గీస్తే, మా వాళ్ళ మగ్గాల మీద అది అంచు పొడుగునా బారులు తీరేది. అయినా నా చూపంతా మెడ్రాసు మీదే ఉండేది.

అలాంటప్పుడు, పత్రికల్లో నవ్వించే బొమ్మలు వేసే ఓ మెడ్రాసు ఆర్టిస్టు గారు మా ఊరి మ్యూజియంలో ఉపన్యాసం ఇచ్చి, బొమ్మల్ని కదిలించే విద్య నేర్పుతారని తెలిసింది. చెయ్యి నచ్చితే ఒకరిని వెంటబెట్టుకెళ్ళి పనిలో పెట్టుకుంటారట. నేను అన్నం మానేసి మరీ నాన్నను ఒప్పించాను. "ఆయన నోటితో రమ్మంటే పో. లేదంటే ఇంక మెడ్రాసు ఊసెత్తకుండా కొట్లో కూచోవాల, అర్థమైందా" అన్నారు నాన్న.

మ్యూజియం హాల్లో తల లేని రాతి బుద్ధుడి పక్కన మమ్మల్ని కూర్చోబెట్టారు. కాగితాల కరువు కనుక ఎవరి అట్టముక్కలు వాళ్ళే తెచ్చుకున్నాం. నావి చీర మడతల్లో పెట్టే పల్చని అట్టలు. ఆర్టిస్టు గారు బోర్డు మీద రెక్క విప్పిన హంసను గీసి, "దీన్ని మీ అట్టలన్నిటి మీదా వేసుకు రండి. ఏది చూసినా అదే హంస అని తెలియాలి. కానీ అట్ట అట్టకీ కొంచెం తేడా రావాలి. కిటుకంతా అందులోనే ఉంది, అదేంటో రేపు చూద్దురుగాని" అన్నారు.

తేడా అన్న మాట మా ఇంట్లో బూతుతో సమానం. అంచులో ఏ హంస ముక్కయినా ఒక్క పోగు పక్కకు జరిగితే చీర తిరిగొచ్చేది, ఆ వెనకే నాన్న కోపం వచ్చేది. తేడా రావాలని చదువుకున్న మనిషి అంటాడా? పాపం, అరవ దేశంలో ఉండి ఈయన తెలుగు తిరగబడింది, రాకూడదు అనబోయి రావాలి అనేశారు అనుకున్నాను. పదిమందిలో సరిదిద్దడం బాగుండదని ఊరుకున్నాను (ఆ మర్యాదే నా కొంప ముంచింది). ఇంటికెళ్ళి ఓ అట్టకు సూదితో బెజ్జాలు పొడిచి, దాన్ని మిగతావాటి మీద పెట్టి బొగ్గుపొడి అద్ది, ఆ చుక్కల వెంట గీసుకుంటూ పోయాను. అన్నీ ఒకే అచ్చు.

మర్నాడు నాన్న కూడా వచ్చారు. ఆర్టిస్టు గారు ఒక్కొక్కరి అట్టలూ కట్టగా పట్టుకుని బొటనవేలితో జరజరా వదులుతుంటే హంసలు రెక్కలు ఆడించాయి. నా పక్కవాడిది హంసో కోడో చెప్పడం కష్టం, మెడ కూడా విరిగింది, అయినా ఎగిరింది. అట్ట అట్టకీ తేడా ఉంటేనే బొమ్మ కదులుతుందని అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. నా వంతు వచ్చింది. ఆయన అట్టలు వదిలారు. నా హంస పక్కనున్న బుద్ధుడిలాగే ప్రశాంతంగా ఉంది. కట్ట తిరగేసి మళ్ళీ వదిలారు.

"ఇది ఎగరాలి కదా అబ్బాయీ" అన్నారు.

"ఎక్కడికండీ?" అన్నాను.

హాలంతా గొల్లుమంది. నాన్న మాత్రం లేచి వెళ్ళి అట్టలన్నీ వెలుగుకు పట్టి చూశారు. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఒక్క పోగు తేడా లేదండి. మా వాడని చెప్పడం కాదు గానీ, ఇట్టాంటి చెయ్యి మీకు దొరకదండి" అన్నారు.

ఆర్టిస్టు గారు పెద్దమనిషి. నా వంకా నాన్న వంకా చూసి, "నిజమేనండి. మీవాడు నా దగ్గర చేరితే నా బొమ్మలన్నీ నిలబడిపోతాయి" అన్నారు.

దాన్ని మించిన మెప్పు లేదనుకున్నారు నాన్న. మావాడి చేతిలో బొమ్మ నిలబడుతుందని మెడ్రాసాయనే ఒప్పుకున్నాడని బజారంతా చెప్పుకున్నారు. సాయంత్రం రైలుకి ఆయన మెడ విరిగిన హంసవాడిని తీసుకెళ్ళిపోయారు. నేను స్టేషను దాకా వెళ్ళి, కనబడకుండా నిలబడి, రైలు కదిలాక ఏడ్చాను. ఒప్పందం ఒప్పందమే కనుక పొద్దున్నే కొట్లో కూర్చున్నాను. ఆ కూర్చోవడం కూర్చోవడమే, ఇప్పటికీ లేవలేదు.

ఆ హంసనే తర్వాత అంచుకు ఎక్కించాం. మొన్న పటమటలో పేరంటానికని మా ఆవిడ ఆ చీర కట్టుకుని వసారాలో నడిచి వెళుతోంది. అడుగు వేసినప్పుడల్లా కుచ్చిళ్ళు విచ్చుకుని ముడుచుకుంటున్నాయి. ఒక్క పోగు తేడా లేని నా హంసలు ఒకదాని వెనక ఒకటి రెక్కలు విప్పుకుంటూ గుమ్మం దాకా పోయాయి.

"ఏంటండీ అట్టా చూస్తారు?" అంది.

"ఏం లేదు. ఇంకోసారి అటునుంచి ఇటు నడువు."

"పేరంటానికి ఆలస్యమవుతుంటే ఇదేం సరదా అండీ" అంటూనే నడిచింది.