వంతెన మీద ఎర్ర గీత

నా పేరు తాతారావు. దివిసీమలో పుట్టాను. ఏడో తరగతి దాకా మా ఊరి బడిలోనే చదివాను. కొబ్బరిచెట్లు ఎక్కడం నా వృత్తి. మంచి వయసులో రోజుకి నలభై చెట్లు ఎక్కి దిగేవాణ్ణి. ఉప్పెన వెళ్ళిన మర్నాడు అవనిగడ్డ రోడ్డు మీద పడ్డ చెట్లు నరికి దారి తీసినవాళ్ళలో నేనొకణ్ణి. పంచాయతీ వార్డు మెంబరుగా రెండుసార్లు గెలిచాను. రెండోసారి నా మీద ఎవరూ నిలబడలేదు.

వీటన్నిటికంటే నాకు ఇష్టమైన పని పంట కాలువ మీద వేసిన వంతెన. ఇవతల ఊరు, అవతల కొబ్బరితోటలు. రెండు కొబ్బరి మొద్దులు పక్కపక్కన పడేసి, పట్టుకోవడానికి ఒక వెదురు కట్టాను. ఇరవై రెండేళ్ళయింది. మొద్దులు మెత్తబడినప్పుడల్లా వాటి మీదే కొత్తవి వేసేవాణ్ణి. పాతవి తీసేది లేదు. ఎత్తు వస్తుందని మా వైపు అందరూ అలాగే చేస్తారు. దాన్ని జనం తాతారావు వంతెన అనేవాళ్ళు.

మూడేళ్ళ కిందట ఈదురుగాలికి, తలలో ఆకు మొలిచే మొవ్వు కుళ్ళిన చెట్టొకటి అంగన్‌వాడీ రేకుల మీద పడింది. ఆదివారం కాబట్టి పిల్లలు లేరు. ఆ నెల గ్రామసభలో లేచి నిలబడి తీర్మానం చేయించాను. మాటలు నేను చెప్పాను, కార్యదర్శి రాశాడు. తెగులు పట్టిన చెట్టుకీ, ఇళ్ళ మీదకో కరెంటు తీగల మీదకో ఒరిగిన చెట్టుకీ చుట్టూ ఎర్ర రంగు గీత పడుతుంది. పదిహేను రోజుల్లో ఆసామి నరికించాలి. తెగులు చెట్టయితే మొద్దుతో సహా కాల్చెయ్యాలి. చివర ఒక్క ముక్క పట్టుబట్టి చేర్పించాను: వంతెనలుగా వేసిన మొద్దులకు ఇది వర్తించదు.

రంగు డబ్బా, కుంచె నా చేతికే ఇచ్చారు. ముప్పై ఒక్క చెట్టుకి గీత గీశాను. తిట్టినవాళ్ళున్నారు, తలుపు వేసుకున్నవాళ్ళున్నారు. గీత పడ్డాక ఒక్క చెట్టూ నిలవలేదు.

కిందటి వర్షాకాలం రాజకుమారి చెట్ల వంతు వచ్చింది. వంతెన దిగగానే ఉన్న పద్నాలుగు చెట్లే ఆమెకి ఆధారం. మోపిదేవిలో బొండాలు అమ్ముకుంటుంది. నాలుగు చెట్లకి గీత గీస్తే నాలుగూ కొట్టించి కాల్పించింది. నెల తిరక్కుండా ఐదో చెట్టు ఆకులు కత్తెరేసినట్టు వచ్చాయి. నేను డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి చెట్టు ముందు నిలబడి ఉంది.

"ఏం బావగారూ, దీనికీ ముహూర్తం పెట్టారా?"

"రూలు రూలే రాజకుమారీ."

"మరి మీ వంతెనకి ఎప్పుడేస్తారు రంగు?"

"దానికి లేదు. తీర్మానంలోనే ఉంది."

"ఉంటుంది మరి. రాయించిందెవరు?"

చెట్టు చూడడానికి రైతు సేవా కేంద్రం నుంచి వచ్చిన ఉద్యానశాఖ అమ్మాయి హారిక తల వంచుకుని నవ్వు ఆపుకుంది. ఆమె వెంట వచ్చి చెట్టెక్కిన మనిషి మొవ్వులోంచి ఇనప చువ్వతో నల్లటి కొమ్ము పురుగుని లాగి కింద పడేశాడు.

"ఈ చెట్టు బతుకుతుందండీ," అంది హారిక. "కానీ ఇవి గుడ్లు పెట్టేది కుళ్ళిన మొద్దుల్లో. ఆ చోటు ఉన్నంతకాలం మిగతా చెట్లు దక్కవు."

"దగ్గర్లో కుళ్ళిన మొద్దే లేదమ్మా. అన్నీ నేనే దగ్గరుండి కాల్పించాను."

రాజకుమారి వంతెన వైపు చూసింది.

గునపం తీసుకుని నడుములోతు నీళ్ళలోకి దిగాను. అడుగు మొద్దులో పొడిస్తే సగం దాకా దిగింది. పెళ్ళగిస్తే పొట్టుతో పాటు బొటనవేలంత లావు తెల్లటి పురుగులు నీళ్ళలో పడ్డాయి. పదిహేడు దాకా లెక్కపెట్టి ఊరుకున్నాను. హారిక ఏదో అనబోతే రాజకుమారి, "ఊరుకోమ్మా," అంది.

ఒడ్డెక్కి రంగు డబ్బా మూత తీశాను. అటుగా వస్తున్న సర్పంచి శోభనాద్రి ఆగాడు.

"బాబాయ్, మినహాయింపు ఉందిగా. కిందవి తీసేసి పైవి ఉంచుదాం."

"పైవి కూడా రెండేళ్ళకి కిందవే అవుతాయిరా."

నాలుగు వరసల మొద్దులకీ గీత గీశాను. పదిహేను రోజుల గడువు నాకు అక్కర్లేదన్నాను. ఆ మధ్యాహ్నమే చీల్పించి గట్టు మీద వేశాం. తడి మొద్దులు కావడంతో తగలబడడానికి మూడు రోజులు పట్టింది. మూడు రోజులూ అక్కడే కూర్చున్నాను. తర్వాతి గ్రామసభలో తీర్మానంలోని ఆ చివరి ముక్క కొట్టేయించాను.

ఇప్పుడు తోటలకి వెళ్ళాలంటే కాలువ లాకు మీదుగా ముప్పావు గంట చుట్టు. వంతెన ఉన్నచోట సిమెంటు తూములు వేసి దారి చెయ్యమని పంచాయతీకి మూడు అర్జీలు ఇచ్చాను. మొన్న నాలుగోది ఇచ్చి వస్తుంటే రాజకుమారి బొండాల బుట్టతో ఎదురయింది.

"మీ మూలంగా కాళ్ళు పడిపోతున్నాయి బావగారూ," అంటూ ఒక బొండాం కొట్టి ఇచ్చింది.

"చెట్లెలా ఉన్నాయి?"

"పదికి పది."

బొండాం తాగి, ఐదో అర్జీకి తెల్లకాగితం కొనుక్కుని ఇంటికొచ్చాను. తూములు పడే దాకా నేనూ చుట్టు తిరిగే వెళ్తాను.