తల కింద మెత్త

మొన్న సిద్దిపేటలో మా వాడ ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి, స్పృహ తప్పిన మనిషికి ఊపిరి ఆడేలా చేయడం ఎట్లాగో నేర్పడానికి ఒక నర్సమ్మ వచ్చింది. తెచ్చిన ప్లాస్టిక్ బొమ్మ మెడ విరిగిపోయిందట. "ఎవరన్న ఒక్కరు పండుకుంటరా అమ్మా?" అని అడిగితే అందరూ కొంగులు సర్దుకుంటూ ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోవడానికే పేచీ పెట్టే నేను లేచి వెళ్లాను. ఎందుకు వెళ్లానో చెప్పాలంటే మా ఆయన సంగతి చెప్పాలి.

ఆయన అంబులెన్సులో పనిచేసేవారు. శిక్షణకు పోయివచ్చిన ప్రతిసారీ ఇంట్లో బొమ్మను నేనే. వంకాయలు తరుగుతున్నా సరే, లేపి చాప మీద పడుకోబెట్టేవారు. నుదుటి మీద ఒక అరచెయ్యి, గడ్డం ఎముక కింద రెండు వేళ్లు. తల మెల్లగా వెనక్కి వంచి గడ్డం పైకెత్తేవారు. "సోయి తప్పినోళ్ల నాలుక ఎన్కకు జారి గొంతుకు అడ్డం పడ్తది. గిట్ల లేపితే గాలికి తొవ్వ సాఫయితది," అనేవారు. "నా నాలుక ఊకుంటె కద అడ్డం పడేది," అని నేనంటే, "గదే నా ధైర్నం," అని నవ్వేవారు. ఆ వేళ్లకు ఎప్పుడూ స్పిరిట్ వాసన. ఒక ఎండాకాలం మా మామయ్య వాకిట్లో కుప్పకూలితే, అత్తమ్మ ఉరికిపోయి దిండు తెచ్చి తల కింద పెట్టింది. దిండును మేము మెత్త అంటాం. మా దిక్కు ఎవరు పడిపోయినా మొదట చేసే మర్యాద అదే. మా ఆయన వచ్చీ రాగానే దాన్ని లాగి పక్కన పారేశారు. "బాపు పానం పోతుంటే మెత్త గుంజుతవార?" అని అత్తమ్మ శోకం పెట్టింది. మెత్త తలను ముందుకు వంచి ఉన్న దారినీ మూసేస్తుందని చెప్పే తీరిక ఆయనకెక్కడిది? గడ్డం ఎత్తగానే అంతదాకా గురగురలాడిన గొంతులో ఊపిరి సాఫీగా ఆడింది. ఆ తర్వాత మామయ్య ఎంత బతిమాలినా అత్తమ్మ ఆయన్ను మెత్త మీద పండనివ్వలేదు.

రెండేళ్ల కింద గజ్వేల్ బస్టాండులో మా ఆయనే పడిపోయారు. చుట్టూ ఉన్నది మంచి మనుషులే. ఎవరో తన తువ్వాల మడిచి తల కింద పెట్టారట. నాకు ఎవరి మీదా కోపం లేదు. ఆ తువ్వాల తీసేవాళ్లు ఒక్కరుంటే బతికేవారేమోనని మాత్రం రోజూ అనుకుంటాను.

నర్సమ్మ అరచెయ్యి నుదుటి మీద ఆనింది. గడ్డం కిందికి రెండు వేళ్లు వచ్చాయి. స్పిరిట్ వాసన. కళ్లు మూసుకున్నాను.

"అయిపోయింది, ఇగ లేవున్రి అమ్మా."

"మెత్త పెట్టొద్దని గూడ చెప్పు బిడ్డా," అన్నాను. "చెప్పి, ఇంకోపాలి చూపియ్యి. ఎన్క కూసున్నోళ్లకు కనవడలే."

ఈ రెండేళ్లలో ఆయన గొంతు సైతం కొంచెం కొంచెంగా మరపుకొస్తోంది. గడ్డం కింద ఆ రెండు వేళ్ల జాగ మాత్రం కాలానికి ఇంకా దొరకలేదు.