ఎదురుకాళ్ల తన్ను

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అంటే తలకంటే ముందు కాళ్లు బయటికొచ్చాయి. అలా పుట్టినవాళ్లు మూడుసార్లు తన్నితే పట్టేసిన నడుము వదులుతుందని మా మణుగూరు వైపు ఊళ్లలో నమ్మకం. చిన్నప్పటి నుంచి ఎందరి నడుములు తన్నానో! పెద్దవాళ్లను తన్నాలంటే సిగ్గేసేది. తన్నాక దండం పెట్టేదాన్ని.

రెండేళ్ల కిందట మా ఆయన తన ఆటోలోంచి మిర్చి బస్తా దించబోయి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. "జల్దీ తన్నవే, కిరాయికి పోవాలె" అన్నాడు. తన్నాను. మూడో తన్నుకు "అమ్మా!" అని కూలబడ్డాడు. కుడికాలు మొద్దుబారిపోయింది. ఖమ్మం దవాఖానాలో స్కానింగ్ తీసి, డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందన్నారు. ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదు, ఎక్సర్‌సైజులు చెయ్యాలి, బరువులెత్తొద్దు, ఆటో గంట నడిపితే దిగి కాసేపు నడవాలి అన్నాడు డాక్టరు.

డాక్టరుకేం, నోటితో చెప్పేశాడు. చేయించేది నేను కదా! పొద్దున్నే చాప పరిచి, బతిమాలి పడుకోబెట్టి, ఆయన మోకాళ్లు మడిచి నడుము ఎత్తి దించుతున్నంతసేపూ పక్కన కూర్చోవాలి. నాలుగు రోజులు నొప్పి తగ్గితే మానేస్తాడు. మళ్లీ పట్టేస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. నీళ్ల బిందెలు, గ్యాస్ బండ, బియ్యం మూట అన్నీ నేనే మొయ్యాలి. నిజం చెప్పొద్దూ, విసుగొచ్చేసింది. విసుక్కుందామంటే నోరు లేవదు, తన్నిన కాలు నాదాయె. ఆయన మాత్రం ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. తిట్టినా బాగుండేది.

మొన్న మళ్లీ ఖమ్మం పోయాం. కాల్లో బలం వచ్చింది, ఇలాగే చేసుకుంటూ పోతే ఆపరేషన్ లేకుండానే నెట్టుకురావచ్చన్నాడు డాక్టరు. లేవబోతూ, ఉండబట్టలేక అడిగేశాను.

"సార్, ఆ రోజు నేను ఈయన నడుము మీద తన్నిన. దానివల్లనే గిట్లయిందా?"

డాక్టరు మా ఇద్దరినీ చూశాడు. "బస్తా దించబోయినప్పుడే జారి ఉండొచ్చమ్మా. తన్నుతో ఇంకాస్త జారి ఉండొచ్చు. ఇప్పుడెవరూ చెప్పలేరు. ఇకమీద మాత్రం ఎవర్నీ తన్నకండి."

తిరుగు బస్సులో కొత్తగూడెం దాకా మా ఆయన మొహం కిటికీ వైపే పెట్టుకుని కూర్చున్నాడు. నాకు భయమేసింది.

"కోపమొచ్చిందా, డాక్టరు ముందట అడిగిన్నని?"

"కోపమెందుకే. మంచిగడిగినవ్," అన్నాడు కిటికీలోంచి చూస్తూనే. "రెండేండ్ల సంది నేనే డాక్టరును అడుగుదామనుకుంటున్న. పోయినప్పుడల్లా నువ్వు పక్కనే ఉంటివి, నోరు రాలే."