చిక్కడపల్లి సభలో నా చెంబు

దేశదేశాల పెద్దలు నీళ్ళ గురించి సభ పెట్టారని రేడియోలో విన్నప్పుడల్లా, నీళ్ళు మోసేవాళ్ళని పిలిచారా అని అడుగుతాను. ఆ అలవాటు నాకు చిక్కడపల్లిలో అయింది.

అరవై తొమ్మిది ప్రాంతంలో కాకినాడ నుంచి హైదరాబాదులో, చిక్కడపల్లిలో ఉండే మా చెల్లెలింటికి వెళ్ళాను. అవి ప్రత్యేక రాష్ట్రం గొడవల రోజులు. నా యాస విని ఎవరేమంటారోనని నోరు మెదపలేదు. ఒక సాయంత్రం, సందులో కొత్త పంపు ఎక్కడ వేయించాలో తేల్చడానికి మగవాళ్ళు జంపఖానా పరుచుకుని కూర్చున్నారు. కిరాణా కొట్టు ముందేనని దాదాపు తేల్చేశారు.

అప్పుడు ఇళ్ళలో పాచిపని చేసే బాలమ్మ ఆరు ఖాళీ బిందెలు తెచ్చి వాళ్ళ ముందు వరసగా పెట్టింది.

"గీ బిందెలోల్లు పనికి పోయిన్రు. లైన్ల బిందె ఉంటే మనిషి ఉన్నట్టే గద? ఆల్లందరు సందు చివర్న ఉంటరు. పంపు ఆడనే గావాలె."

పాత పంపు దగ్గర రోజూ నడిచే పద్ధతే కనుక ఎవరూ కాదనలేకపోయారు. బాలమ్మ, చెల్లెలింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న నావైపు తిరిగింది.

"నువ్వేమంటవ్ అక్కా?"

"చుట్టపుచూపుగా వచ్చినదాన్ని, నాకెందుకమ్మా?"

"ఉన్నన్ని దినాలు నీళ్లు తాగవా ఏంది?"

రెండో తరగతితో బడి మానేసిన నన్ను అప్పటిదాకా ఏ సభలోనూ ఎవరూ మాట అడగలేదు. దారిలో సోడాలు కొనకుండా ఇంటినుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబును లోపలినుంచి తెచ్చి ఆ వరస చివర పెట్టాను.

మరుసటేడు వెళ్ళేసరికి పంపు సందు చివరే ఉంది. చెంబే కదా, ముందు పట్టుకుంటానన్నాను.

"లైన్ల పెట్టు అక్కా," అంది బాలమ్మ.

పెట్టాను.