వఫ్రా మంచులో అక్కా అని పిలిచాను

శవాల గది పక్కన బెంచీ మీద కూర్చుని ఉప్మా తిన్నదాన్ని నేను. కాకినాడలో ఏఎన్ఎం ట్రైనింగ్ చేసే రోజుల్లో మాకు టిఫిన్ తినడానికి వేరే చోటు ఉండేది కాదు. తోటి పిల్లలు దయ్యాలంటూ వణికిపోతే నాలుగు చీవాట్లు పెట్టేదాన్ని. చర్చిలో సాతాను గురించి చెబుతున్నంతసేపూ గడియారం చూసుకునే రకం.

ఇప్పటికీ నేను దయ్యాల్ని నమ్మను. కానీ కువైట్‌లో ఒక పొద్దున జరిగింది మాత్రం పదిహేనేళ్ళయినా మింగుడు పడలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఒక్క ముక్క కలపను.

అప్పుడు నేను ఒక కువైటీ ఇంట్లో ముసలాయన్ని చూసుకునే పనిలో ఉన్నాను. ఇంటావిడని అందరిలాగే మామా అనేదాన్ని. ముసలాయన ఆమె తండ్రి, బాబా. మనిషి మెత్తన, మాట మెత్తన, కానీ మతిమరుపు జబ్బు. తలుపు తెరిచి ఉంటే చాలు, లేచి నడుచుకుంటూ పోయేవాడు. ఎక్కడికని అడిగితే సముద్రానికనేవాడు.

పనిలో చేరిన రోజే మామా గట్టిగా చెప్పింది. బాబాని ఒక్క నిమిషం వదలకూడదు, తప్పిపోయాడా, నువ్వు ఖలాస్, మర్నాటి విమానంలో ఇంటికి. ఆమె అన్నంత పనీ చేసే మనిషి. ఊళ్ళో నా ఇద్దరు పిల్లలు నా జీతం మీదే చదువుతున్నారు. వాళ్ళ నాన్న ఉన్నా లేనట్టే. అందుకని బాబాని కళ్ళలో వత్తులు వేసుకుని కనిపెట్టుకుని ఉండేదాన్ని.

ఆ ఇంట్లో ఒక కుక్క కూడా ఉండేది. మామా కొడుకు లండన్ చదువుకి వెళ్తూ వదిలిపెట్టి పోయిన గోధుమరంగు కుక్క. ఎంత పిలిచినా ఎవరి మాటా వినేది కాదు. ఒకరోజు నా దుప్పటి లాగుతుంటే ఒళ్ళు మండి, 'ఛీ, కూచో అక్కడ' అన్నాను. టక్కున కూచుంది. మామా నోరు తెరిచి చూసింది. నాకూ నవ్వాగలేదు. తర్వాత 'ఇటు రా' అన్నాను, వచ్చింది. 'పో అవతలికి' అన్నాను, పోయింది. దీనికి తెలుగు ఎవరు నేర్పారని మామాని అడిగితే మొహం తిప్పుకుంది.

జనవరిలో సెలవులు కలిసొచ్చి మామా మమ్మల్ని వఫ్రా తీసుకెళ్ళింది. కువైట్‌లో దక్షిణాన, తోటలుండే ప్రాంతం అది. దోసకాయలు, టమాటాలు పండించే ప్లాస్టిక్ పందిళ్ళ మధ్య ఎవరో ఒక చిన్న హోటల్ కట్టారు. ఆరు గదులు, మట్టిరంగు గోడలు, ముందు పొడుగాటి వరండా. కుక్కల్ని రానిచ్చే హోటల్ కావడం దాని ప్రత్యేకత. గది గదికీ కుక్క కోసం ఒక పరుపు, గుమ్మం దగ్గర దాని కాళ్ళు తుడవడానికి తువ్వాలు. మా ఊళ్ళో మనుషులకే అంత మర్యాద జరగదు. చమురు కంపెనీలుండే అహ్మది నుంచి తెల్లదొరలు కుక్కల్ని వేసుకుని వచ్చేవాళ్ళు. వానలు పడి ఎడారంతా పచ్చపచ్చగా, పసుపు పూలతో ఉంది. తోటల చుట్టూ తెల్లసున్నం పూసిన రాళ్ళు వరసగా పెట్టి నడిచేవాళ్ళకి దారి చేశారు. లోపల బొగ్గుల కుంపటి, వేడి వేడి పప్పు చారు. నిజం చెప్పొద్దూ, కువైట్‌లో నేను సుఖపడిన చోటంటూ ఉంటే అదే.

ఆ హోటల్‌ని చూసుకునేది రాజన్న. జగిత్యాల దగ్గరి మనిషి, యాభై దాటినవాడు. నేను కుక్కని తెలుగులో అదిలించడం విని అతనే వచ్చి పలకరించాడు. కుక్క సంగతి కూడా అతనే చెప్పాడు.

"గీ కుక్కను సాదింది కుమారక్క. మీ దిక్కు ఆమెనే. నీ కంటె ముందు గా ఇంట్ల పదకొండేండ్లు చేసింది. పోయినేడు గీడనే ముసలాయన తప్పిపోయిండు. రోడ్డు మీద పడి తొంటి ఇరిగింది. రెండో దినమే పంపిచ్చేసిన్రు. కుక్కను ముట్టుకోనియ్యలే, ముసలాయనకు చెప్పనియ్యలే."

వెళ్ళిపోయే ముందు ఆవిడ రాజన్న ఫోన్ నుంచే ఇంటికి మాట్లాడిందట. విని అయ్యో అనుకున్నాను. దాంతోపాటే, అంత అజాగ్రత్తేమిటి, ఆ మాత్రం చూసుకోలేకపోయిందా అని కూడా అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఈరోజుకీ సిగ్గుగా ఉంటుంది.

మూడో రోజు పొద్దున లేచేసరికి మంచు. అటువంటి మంచు నేను మా కోనసీమలో కూడా చూడలేదు. వరండా మెట్ల అవతల ఏమీ లేదు, తెలుపే. ఏడున్నర అయి ఉంటుంది. బాబాకి స్వెటరు తొడిగి వరండాలో కుర్చీలో కూర్చోబెట్టాను. కుక్క తాడు కుర్చీకే కట్టి ఉంది. లోపల్నుంచి మామా కేకేసింది, స్కార్ఫ్ ఇస్త్రీ చెయ్యమని. బాబా బయట ఉన్నాడన్నాను. యల్లా, తొందరగా రా, రెండు నిమిషాలే కదా అంది. వెళ్ళాను. చేశాను. వచ్చి చూస్తే కుర్చీ ఖాళీ. కుక్కా లేదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మామాకి చెబితే అక్కడికక్కడే అయిపోతాను. చెప్పకుండా మెట్లు దిగి పరుగెత్తాను. తెల్లరాళ్ళు కూడా నాలుగడుగులకి మించి కనిపించడం లేదు. ఆ దారి చివర పొలాలకి నీళ్ళు నిలవ చేసే సిమెంటు తొట్టి ఉంది. నేలకి సమానంగా కట్టింది, నిలువెత్తు లోతు, చుట్టూ పిట్టగోడ లేదు. ముందు రోజే దాన్ని చూసి, ఇదేం కట్టడమని రాజన్నతో అన్నాను కూడా. ఇప్పుడు నా కాళ్ళకి అదొక్కటే దారి తెలిసినట్టు అటే పోతున్నాయి. యేసయ్యా, యేసయ్యా అంటూనే ఉన్నాను.

అప్పుడు వినిపించింది, ముందు నుంచి, ఆడగొంతు. తెలుగు. "నెమ్మదిరా, లాగకు" అని కుక్కని అదిలిస్తోంది. గోదావరి యాస.

నాకు భయమేమీ వెయ్యలేదు. ప్రాణం లేచొచ్చింది. పక్క గదుల వాళ్ళెవరితోనో వచ్చిన మన మనిషే అనుకున్నాను. కువైట్‌లో తెలుగు మాట వినపడితే మనకి ముఖాలతో పనేముంది? అందరూ అక్కలే. మంచు ఒక్కసారి కొద్దిగా పల్చబడింది. బాబా వీపు కనిపించింది. ఆయన కుడిపక్కన ఒక పొట్టి మనిషి, ఆయన చెయ్యి పట్టుకుని ఉంది. నీలం గౌను, తలకి తెల్లగుడ్డ. మా ఇంట్లో నాకిచ్చిన యూనిఫాం లాంటిదే. అన్ని ఇళ్ళల్లోనూ అలాంటివే వేస్తారు, అది పెద్ద విషయం కాదు.

"అక్కా, పట్టుకో ఆయన్ని! వస్తున్నా!" అని అరిచాను.

ఆవిడ వెనక్కి తిరగలేదు. తలూపింది. మంచు మళ్ళీ మూసుకుంది.

నేను చేరడానికి అర నిమిషం పట్టి ఉంటుంది. తొట్టికి రెండడుగుల ఇవతల, టమాటాల ప్లాస్టిక్ పెట్టె బోర్లించి ఉంది. దాని మీద బాబా కూర్చుని ఉన్నాడు. కుక్క తాడు నీళ్ళ పైపుకి కట్టి ఉంది. గట్టి ముడి, విప్పడానికి నాకే కష్టమయింది. చొక్కా గుండీ పెట్టుకోలేని చేతులు బాబావి, ఆయన వేసిన ముడి కాదది. ఆవిడ లేదు. అక్కా అని నాలుగైదు సార్లు పిలిచాను. కుక్క మాత్రం మంచులోకి చూస్తూ తోక ఊపుతూనే ఉంది.

బాబా చేతులు పట్టుకున్నాను. ఎడమ చెయ్యి ఐసుముక్క. కుడి చెయ్యి వెచ్చగా ఉంది. నర్సు బుద్ధి కదా, రెండు సార్లు మార్చి మార్చి చూశాను. ఆయన నన్ను చూసి, "వేన్ రాహత్?" అన్నాడు. ఆమె ఎక్కడికి పోయిందని.

మామా మేం వాకింగ్‌కి వెళ్ళొచ్చామనుకుంది. నేనూ అలాగే అనుకోనిచ్చాను. రాజన్నని అడిగితే, ఆ రోజు హోటల్లో నేను తప్ప పనిమనిషన్నదే లేదన్నాడు. చుట్టుపక్కల తోటల్లో అందరూ మగవాళ్ళే. అడుగుజాడలు చూద్దామని ఇద్దరం వెళ్ళాం. అప్పటికే నీళ్ళ ట్యాంకరు ఆ దారంతా తొక్కేసి పోయింది.

నాకు ఒకటే అనుమానం పట్టుకుంది. కుమారి అక్క చనిపోయి ఉంటుంది. ఆవిడ ఇంటి నంబరు రాజన్న ఫోన్‌లో ఇంకా ఉంటే రాసుకున్నాను. రెండు రోజులు తటపటాయించి, మామా ఇంటికి తిరిగొచ్చాక ఒక మధ్యాహ్నం ఫోన్ కార్డు గీకి చేశాను. వాళ్ళింట్లో వాళ్ళు ఏడుస్తారేమో, ఏం చెప్పాలా అని గొంతు సవరించుకుంటున్నాను.

"ఆయ్, కుమారినేనండి, చెప్పండి" అంది అవతల గొంతు.

అదే గొంతు. ఫలానా ఇంట్లో పని చేస్తున్నానని మాత్రం అనగలిగాను. ఆవిడ, "తాతగారు బాగున్నారా? మొన్న మంచులో జలుబు చెయ్యలేదు కదా?" అంది.

మొన్న మంచు పట్టిన సంగతి మీకెలా తెలుసని అడిగాను. ఆవిడ కూడా తడబడింది. ఆ రోజు పొద్దున పది గంటలకి, అంటే మాకు ఏడున్నరకి, పెరట్లో చేపలు కడుక్కుంటూ కూర్చుందట. ఉన్నట్టుండి కళ్ళ ముందంతా తెల్లగా అయిపోయింది. బీపీ అనుకుంది.

"చేతిలో ఎవరిదో చెయ్యి ఉందమ్మాయ్. చల్లగా. తాతగారిదని తెలిసిపోయింది, పదకొండేళ్ళు పట్టుకున్నాను కదా. వదిలేద్దామా అనుకునేలోపు వెనకాల ఎవరో, 'అక్కా, పట్టుకో ఆయన్ని' అన్నారు. పట్టుకున్నాను. మా తోడికోడలు కుదిపి లేపేదాకా వదల్లేదు."

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. రాజన్నకి కూడా చెప్పలేదు. మంచులో నేను అరిచిన మాట అది.

కుమారి అక్క ఏడవలేదు. ఒకటే అడిగింది. కిందటేడు ఆయన తప్పిపోయిన రోజు టీ పెట్టమని మామాయే తనని లోపలికి పిలిచిందట. తాతగారు ఒక్కరే ఉన్నారని చెప్పినా వినలేదట. తుంటి విరిగాక ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. "నేను వదిలెయ్యలేదని మామాకి ఒక్క మాట చెప్పమ్మా. ఉద్యోగం కోసం కాదు. నా మీద ఆ మాట ఉండిపోయింది, అది తియ్యి చాలు" అంది. తప్పకుండా చెబుతానన్నాను.

చెప్పలేదు. నాకెలా తెలుసని అడిగితే బాబా తొట్టి దాకా పోయిన సంగతి చెప్పాలి. చెబితే మర్నాటి విమానం నాకు. రేపు చెబుదాం, వచ్చే నెల చెబుదాం అనుకుంటూ మూడేళ్ళు గడిపేశాను. బాబా నిద్రలో పోయాడు. మామా నన్ను మెచ్చుకుంది, నీలా చూసుకున్నవాళ్ళు లేరంది. అప్పుడైనా నోరు తెరవొచ్చు. తెరవలేదు.

ఆ పొద్దున బాబా చెయ్యి పట్టుకున్నది ఎవరో, మలికిపురంలో తన పెరట్లో చేపలు కడిగే మనిషి వఫ్రాలో ముడి ఎలా వేసిందో నాకు తెలియదు. పాస్టరు గారిని అడిగాను, డాక్టరమ్మని అడిగాను. వాళ్ళు చెప్పినవేవీ నాకు సరిపోలేదు.

ఇప్పుడు నేను అమలాపురంలో ఉంటున్నాను. ఆవిడ దయ్యమయితే దణ్ణం పెట్టి ఊరుకునేదాన్ని. కానీ బతికే ఉంది. బస్సెక్కితే గంటన్నరలో వాళ్ళ గుమ్మం ముందుంటాను. రెండుసార్లు బస్టాండ్ దాకా వెళ్ళి తిరిగొచ్చాను. నేను పిలిస్తే సముద్రాలు దాటి వచ్చిన మనిషి దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?